పరదా మీది ముసాఫిర్‌ఖానా

షామీర్‌పేట చెరువులో హంసలు ఎన్నడూ లేవు. ఆ ముక్క ముందే ఒప్పేసుకుంటే సగం గొడవ తీరిపోతుంది. హంసలు కావాలని పట్టుబట్టింది మేడ్చల్‌లో స్టూడియో ఓనరు. గీసింది మా నాయిన. నవ్వులపాలైందీ మా నాయినే.

నాయిన ఫోటో స్టూడియోలకు పరదాలు గీసేవాడు. ఫోటో దిగేవాళ్ల వెనకాల గోడ నిండా వేలాడే పెద్ద బొమ్మల గుడ్డలుండేవి చూడండి, అవి. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క వేలితో వెనకాల సముద్రం తెచ్చుకుంటున్నాం. ఆ పని అప్పట్లో ఒక మనిషి నిచ్చెన ఎక్కి, మెడ పట్టేసేదాకా కుంచెతో చేసేవాడు. మేడ్చల్, బొల్లారం, కుత్బుల్లాపూర్, ఈ చుట్టుపక్కల ఎవరింట్లో పాత పెళ్లి ఫోటో ఉన్నా, దంపతుల తలల మీద తేలేవి మా నాయిన మబ్బులే. నా మొదటి పుట్టినరోజు ఫోటోలో నేను నోరంతా తెరిచి ఏడుస్తున్నాను. నా పక్కన చెరువులో హంసలు తమకేమీ పట్టనట్టు ఈదుతున్నాయి.

ఆ పరదాలన్నిటిలో నాయినకు ప్రాణమైనది మేడ్చల్ స్టూడియోది. ఎడమ పక్క చెరువు, వెనక గుండు మీద గుండుగా రెండు బండరాళ్లు నిలబడ్డ గుట్ట, కుడి పక్క రెండంతస్తుల ముసాఫిర్‌ఖానా. దారిన పోయేవాళ్లు రాత్రికి దిగే సత్రమన్నమాట. మిగతా పరదాల మీద నాయిన ఎక్కడా లేని రాజమహళ్లు గీశాడు కానీ, దీని మీద మాత్రం తను కళ్లారా చూసిన ఊరు గీశాడు. హంసలు మినహా.

నాయిన చిన్నప్పుడు ఆ ముసాఫిర్‌ఖానా షామీర్‌పేట చెరువు దగ్గర, పాత రోడ్డు పక్కన ఉండేదట. ఒక వానాకాలం ఓ నాటక కంపెనీ ముందుకు పోలేక అందులో చిక్కుబడిపోయింది. వాళ్లకు తెరలు గీసే ఉస్తాద్ పైనున్న మేడగదిలో దిగాడు. నాయిన బర్రెలను చింతచెట్ల కింద వదిలేసి, దొంగలా మెట్లెక్కి ఆ గదిలో కూర్చునేవాడు. సఫేదాలో, అంటే తెల్లరంగులో, నీలం ఎంత కలిపితే పొద్దుటి ఆకాశం, ఎంత కలిపితే వానకు ముందరి ఆకాశం, అంతా అక్కడే నేర్చుకున్నాడు. నాయిన బడికి పోలేదు. ఆయనకు బడీ పంతులూ అన్నీ ఆ మేడగదే. ఈ కథ నేను అన్నం ముద్దలతో పాటు మింగి పెరిగాను. నా కూతురూ అంతే.

ఇక చాచా సంగతి చెప్పాలి. చాచా అంటే నాయిన చిన్ననాటి దోస్తు, షామీర్‌పేట మనిషి, ఇద్దరూ ఒకే ఎండలో బర్రెలు కాసినవాళ్లు. తర్వాత ఆయన అంగూర్ తోట వేశాడు. ఇప్పుడు ఆ తోటలో విల్లాలు మొలిచాయి. అయినా చాచా మా ఇంటికి వస్తే ద్రాక్షపళ్లే తెస్తాడు, బజార్లో కొని, ఇవి పుల్లగున్నాయని దారంతా తిట్టుకుంటూ. నాయిన మా దగ్గరే కౌకూర్‌లో ఉంటాడు. ప్రతి ఆదివారం చాచా బస్సులు మారి వస్తాడు, చాయ్ తాగుతాడు, నాయినతో పోట్లాడతాడు, మళ్లీ బస్సెక్కుతాడు.

ఆ పోట్లాటల్లో పాతది ఒకటుంది. "మేడ ఏడిదిరా? గా ముసాఫిర్‌ఖానాకు మేడ లేకుండె. ఒక్కటే అంతస్తు" అంటాడు చాచా. "నీ కండ్లు కాకులు తిన్నయిరా" అంటాడు నాయిన. ఏళ్ల తరబడి ఇదే పాట. మాకు అది చాయ్‌లో అల్లం లాంటిది, లేకపోతే బాగుండదు.

కానీ పోయినేడు మా చుట్టాల పెళ్లిలో, పంక్తిలో అందరి ముందూ చాచా అదే మాట అన్నాడు. కుర్రకారు గొల్లుమంది. ఒకడు గరిటె పట్టుకుని వడ్డిస్తూనే, "తాతా, మేడ లేకుంటే ఉస్తాద్ గూడ లేనట్టే గదా? గాయన గూడ హంసల తీర్గనేనా?" అన్నాడు. అందరూ ఇంకోసారి నవ్వారు. నాయిన నవ్వలేదు. విస్తరి సగంలో వదిలి లేచాడు.

ఆ రాత్రి నా కూతురు ఎప్పటిలా ఉస్తాద్ కథ చెప్పమంది. "నాకు యాదికి లేదు బిడ్డా" అన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. నాయినకు యాదికి లేకపోవడమా! నేను చిన్నప్పుడు ఎన్ని బలపాలు మింగానో చెప్పగల మనిషి. నాకు ఏడుపొచ్చింది, దాని వెంటే కోపం వచ్చింది. నాకు ఆ రెండూ అక్కాచెల్లెళ్లు, ఒకటి బయల్దేరితే రెండోది ఇంట్లో ఆగదు. ఆ కథ పోతే నాయిన దగ్గర ఇంకేం మిగులుతుంది? ఆ మేడ ఉందని తేల్చి తీరాలనుకున్నాను.

ముసాఫిర్‌ఖానా ఎప్పుడో కూలిపోయింది. ఎక్కడ ఉండేదో కూడా ఎవరికీ నిక్కచ్చిగా తెలియదు. చెరువు అంచులు మారాయి, రోడ్డు మారింది, రోడ్డు మీద రోడ్డు పడింది. నాయిన చెయ్యెత్తి "గాడ" అంటాడు, చాచా ఇంకోవైపు చెయ్యెత్తి "గాడ" అంటాడు. ఇద్దరి మధ్యా ఒక పెట్రోల్ బంకు, రెండు దాబాలు పడతాయి.

అలాంటి టైంలో మేడ్చల్ స్టూడియో మూసేస్తున్నారని ఓనరు కొడుకు ఫోన్ చేశాడు. "మీ నాయిన పరదా ఉన్నది. తీసుకపోతరా, పడేయమంటరా?" పడేయమంటరా అన్న మాటకు నాకు తిక్క రేగినా, నోరు అదుపులో పెట్టుకుని, మా ఆయన్ని తీసుకుని ఆ సాయంత్రమే వెళ్లాను. చుట్టిన తివాచీలా ఉంది. కారులో పట్టక ఒక కొస కిటికీలోంచి బయటికి చాచి తెచ్చుకున్నాం. ఇంట్లో విప్పితే ఎలుకలు ఒక హంసను పూర్తిగా తినేశాయి. ముసాఫిర్‌ఖానా మాత్రం చెక్కు చెదరలేదు. కింద తలుపులు, పైన మేడగది, ఆకుపచ్చ కిటికీలు. నాయిన దగ్గరికెళ్లి కిటికీ మీద చెయ్యి పెట్టాడు, లోపలికెళ్లి పడుకున్నాడు.

నేను తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేస్తాను. దేన్నీ నమ్మకపోవడానికే నాకు జీతమిస్తారు. కాబట్టి పరదాను కూడా అలాగే చూశాను. హంసలు ఓనరు కోరిక, పక్కన పెట్టు. నిండు చంద్రుడు కూడా ఓనరు కోరికే. అంచున ఉన్న గులాబీలు ఏ పరదాకైనా ఉంటాయి. మిగిలినవి చెరువు, కట్ట, గుండ్లు, ముసాఫిర్‌ఖానా. చెరువు ఎలాగూ ఉంది. ఆ గుండ్లు దొరికితే, బొమ్మలో ఉన్నట్టే అవి కనబడే చోట నిలబడితే, ముసాఫిర్‌ఖానా ఎటు ఉండాలో తెలిసిపోతుంది. లెక్క తేలికే అనిపించింది.

గుండ్ల కోసం పెద్దగా వెతకలేదు. రోజూ కంపెనీ క్యాబ్‌లో షామీర్‌పేట మీదుగానే పోతాను. ఫోన్‌లో పరదా ఫోటో పెట్టుకుని కిటికీకి అతుక్కుని కూర్చున్నాను. మూడో రోజో నాలుగో రోజో, కిందది ఏనుగంత, పైది దూడంత, వంగి ముచ్చట్లు చెప్పుకుంటున్నట్టు అవే గుండ్లు కనబడ్డాయి. ఈ వైపు గుట్టలన్నీ కంకర అయిపోయాయి కానీ, దీని మీద ఎవరో జెండా పాతడంతో క్రషర్ వాళ్లు ముట్టుకోలేదు. నేను క్యాబ్‌లో కేక పెట్టాను. పక్క సీట్లో నిద్రపోతున్న అమ్మాయి ఉలిక్కిపడి లేచి, ఆఫీసు వచ్చిందనుకుని బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఆదివారం అందరం చెరువు కట్టెక్కాం. మా ఆయనది గోదావరి జిల్లా. ఏ పనైనా పద్ధతిగా చేయందే ఆయనకు నిద్ర పట్టదు. పరదా ఫోటోను కాగితం మీద వేయించి, అట్టకు అంటించి తెచ్చాడు. దాన్ని ముందుకు చాచి పట్టుకుని కట్ట మీద అటూ ఇటూ నడుస్తూ, "మామయ్యగారూ, ఇక్కడ సరిపోయిందాండీ? పై గుండు కొంచెం కుడికి పోయిందేమోనండీ" అని అడుగుతుంటే, చేపలు పట్టేవాళ్లు గాలాలు వదిలేసి మమ్మల్నే చూశారు. చివరికి ఒకచోట గుండ్లూ కట్ట వంపూ బొమ్మతో కలిసిపోయాయి. ఇక బొమ్మలో ముసాఫిర్‌ఖానా ఉన్న వైపుకు, అంటే కుడికి, అందరం తలలు తిప్పాం.

అక్కడ నీళ్లున్నాయి. తుంగ, బురద, ఒంటికాలి మీద ఒక కొంగ. అది చెరువు శిఖం, చెరువు నిండితే మునిగే నేల. ఎన్నడూ ఇల్లు కట్టని, కట్టలేని చోటు.

చాచా పొట్ట పట్టుకుని నవ్వాడు. "శిఖంల కట్టిండ్రారా? చేపలకా ముసాఫిర్‌ఖానా? ఏ యార్, మేడ మీద ఉస్తాద్, కింద కొర్రమట్ట!"

మామూలు రోజైతే నాయిన నాలుగు తగిలించేవాడు. ఆరోజు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, వెళ్లి కారులో కూర్చున్నాడు. తేల్చి తీరతానని ఎగిరెగిరి పడి, నేనే ఆయన్ని ఇంకో మెట్టు కిందికి దించాననిపించి నాకు తల కొట్టేసినట్టయింది. తిరిగి వస్తుంటే కారులో వెనక సీట్లో నా కూతురు మాత్రం కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడిందని రెండుసార్లు అడిగింది.

తర్వాతి ఆదివారం పరదాకు బూజు వాసన వస్తోందని డాబా మీద బట్టల దండేనికి వేలాడదీశాను. చాచా ద్రాక్షపళ్లతో వచ్చాడు. నాయిన మొహం ఇంకా ముడుచుకునే ఉంది. చాచాకు అది గుచ్చుకున్నట్టుంది, చాయ్ కూడా తాగకుండా లేచి నాయిన చెయ్యి పట్టి లాగాడు.

"రా రా పెయింటర్. నా పెండ్లి ఫోటో గూడ గీ పరదా ముంగటనే దిగిన. ఒక ఫోటో దిగుదాం, మొఖం అట్ల పెట్టకు."

ఇద్దరూ వెళ్లి పరదా ముందు నిలబడ్డారు. ఎవరూ చెప్పకుండానే నేరుగా నడిమధ్యన నిలబడ్డారు. ఫోన్ ఎత్తాను. ఎడమ పక్క చెరువు మొత్తం కనబడుతోంది. కుడి పక్క ముసాఫిర్‌ఖానా మొత్తం కనబడుతోంది. ఇద్దరు ముసలాళ్లు నిలబడినా బొమ్మలో ఒక్క కిటికీ కూడా మరుగుపడలేదు. వాళ్ల వెనకాల ఉన్నది ఉత్త గడ్డి, తలలకు బాగా పైన గుండ్లు, ఆకాశం. నా పుట్టినరోజు ఫోటోలోనూ అంతే, చాచా పెళ్లి ఫోటోలోనూ అంతే అయి ఉండాలి.

"నాయినా, ఈ మధ్యలో ఎందుకు ఏమీ గీయలేదు?"

"కష్టమర్ నిల్సునే జాగ అది. ఆడ బిల్డింగ్ గీస్తే మనిషెనక దాగిపోతది గదా."

"మరి నిజంగా మధ్యలో ఏముండేది?"

నాయిన నన్నొక అమాయకురాలిని చూసినట్టు చూశాడు. "ముసాఫిర్‌ఖానానే ఉండె. గుండ్ల కిందనే. దాన్ని జర పక్కకు జరిపిన."

"జరిపిన సంగతి కట్ట మీద చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడిగినవా? పరదా అంటెనే గట్లుంటది. అందరికి ఎర్కే అనుకున్న. పైసలిచ్చి ఫోటో దిగేటోడు బిల్డింగ్‌ను సూస్కోనీకి వస్తడా, తనను సూస్కోనీకి వస్తడా?"

చంకలో పిల్లను పెట్టుకుని సంతంతా వెతికానన్నమాట. నాకు నవ్వాగలేదు. మా ఆయన అప్పటికే కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు. "మధ్యాహ్నం భోజనం చేసి బయల్దేరదామండీ" అన్నాడు పద్ధతిగా. నేను భోజనం చేయనివ్వలేదు.

కట్ట మీద అదే చోట నిలబడి ఈసారి కుడికి కాకుండా నేరుగా గుండ్ల కిందికి చూశాం. అక్కడ ఒక ఫంక్షన్ హాలు. కారును అటు తిప్పాం. ఆరోజు పెళ్లేమీ లేదు, గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తున్నాడు. లోపల పార్కింగ్ స్థలం, దాని చివర సిమెంటు ఇటుకల ప్రహరీ, ఆ ప్రహరీ మధ్యలో మాత్రం ఒక పాత రాతి గోడ. కట్టేవాళ్లు ఖర్చు తప్పుతుందని దాన్ని అలాగే కలిపేసుకున్నారు. కింద మనిషెత్తున గులాబీరంగు కొట్టి, పైన వదిలేశారు.

నాయిన వేగంగా నడిచాడు, మోకాళ్ల నొప్పి సంగతి మోకాళ్లే మర్చిపోయాయి. గోడకు చెయ్యి అందేదానికన్నా పైన, వరుసగా చదరపు రంధ్రాలున్నాయి. ఒకప్పుడు దూలాలు దూర్చినవి. చాచా అప్పుడే అందుకున్నాడు, "ఏముందిరా, గవి స్లాబు లెక్క కప్పు దూలాలు. ఒక్క అంతస్తుకు గూడ కప్పుంటది."

మాట నిజమే.  అప్పుడు నా కూతురు వేలు చూపించి, "అమ్మా, అంత పైన కిటికీనా?" అంది.

కిటికీ కాదు. దూలాల వరుస మీద, ఇంకా ఎత్తున, చిన్న దీపం గూడు. పైన కమాను, లోపల నల్లగా మసి. ఎన్ని వానలు పడ్డా లోతుగా ఉండడం వల్ల ఆ మసి పోలేదు. అంత ఎత్తున దీపం పెట్టాలంటే మనిషి నిలబడడానికి కింద నేల ఉండాలి. కప్పు మీద, ఎండకూ వానకూ వదిలేసిన గోడకు దీపం గూడు ఎవరూ పెట్టరు. అది గది. అక్కడ ఎవరో సాయంత్రాలు దీపం వెలిగించుకున్నారు.

చాచా చాలాసేపు తల పైకెత్తి చూశాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"తాఖ్" అన్నాడు, ఆ దీపం గూటికి వేలు చూపిస్తూ. "తాఖ్ ఉన్నది రా. మేడ ఉన్నది."



"నేనెన్నడు లోపటికి పోలె" అన్నాడు చాచా, గోడనే చూస్తూ. "నువ్వు లోపటికి పోతుంటివి. చింతల కింద నీ బర్లు, నా బర్లు అన్ని నేనే సూస్తుంటి. లోపట నువ్వు ఏడ కూసునేటోనివో నాకేం ఎర్క? ఒకపారి హోటల్ల మజాక్‌కు అన్న, మేడ లేదని. అందరు నవ్విండ్రు. ఇగ అదే అనుడు సురువైంది. అనంగ అనంగ నాకే గట్ల అనిపిచ్చింది."

గెలిచినందుకు నాయిన ఎగిరి గంతేస్తాడనుకున్నాను. పెళ్లిలో నవ్విన కుర్రాళ్లందరికీ ఫోన్లు చేయమంటాడనీ అనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆయన చాచా భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు బర్లను సూడకుంటే నేను పైకి ఎట్ల పోతుంటిరా?" అన్నాడు.

ఇద్దరి ముక్కులూ ఎర్రబడ్డాయి. మా ఆయన మర్యాదగా అటు తిరిగి కారు టైర్లలో గాలి చూడడం మొదలుపెట్టాడు. నాకు మర్యాద తక్కువ, నిలబడి చూస్తూ ఏడ్చాను.

ఫోటో తీస్తానన్నాను. ఇద్దరూ గోడ ముందుకు వెళ్లారు. ఈసారి నడిమధ్యకు పోలేదు. నాయిన ఎడమ వైపు ఒక కొసకు జరిగాడు, చాచా కుడి వైపు ఒక కొసకు జరిగాడు. మధ్యలో పాత గోడ, దూలాల రంధ్రాలు, పైన నల్లటి గూడు, వెనక గుండు మీద గుండు. అప్పటికి నిద్ర లేచి వచ్చిన వాచ్‌మన్ నా భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూసి, "తాతా, నడిమిట్ల మస్తు ఖాళీ ఉన్నది, దగ్గరికి జరుగుండ్రి" అని అరిచాడు.

"జరగం" అన్నాడు నాయిన. "అది దాని జాగ."

కారులో నా కూతురు తాత ఒళ్లోకి ఎక్కి, "ఎవరి జాగ తాతా?" అంది. నాయిన కాసేపు కిటికీలోంచి చెరువు వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు విని చాలా నెలలైంది, నేను ముందు సీట్లోంచి వెనక్కి తిరిగాను.

"ఒక వానకాలంల, గాడ ముసాఫిర్‌ఖానాల ఒక ఉస్తాద్ దిగిండు బిడ్డా. మేడ మీద. నేను పైకి పోతుంటి, రంగులు కలుపుడు సూడనీకి. గప్పుడు కింద, చింతల నీడకు, బర్ల కాడ గీ మీ చాచా తాత కూసుంటుండె, నాకోసం."

ఈ కథ నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను. చింతల కింద బర్రెలు ఎప్పుడూ ఉండేవి. వాటి పక్కన చాచా ఉండడం మాత్రం అదే మొదటిసారి విన్నాను.